కథలో బాధ పాఠకుడికి తగలాలంటే సూటిగా రాయడం ఎలా

కథ పంపించి "ఎలా ఉందండీ?" అని అడిగేవాళ్లకి నేను చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, అందుకే ఒకసారి వివరంగా రాసి పెట్టేస్తున్నా. కొత్తగా రాసేవాళ్ల కథల్లో ఎక్కువగా విషయం లోపల దాక్కుని ఉంటుంది, ఏడుపు మాత్రం పైకి కనిపిస్తూ ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది, ఏం పోబోతోంది అన్నది మూడో పేజీ దాకా తెలియదు, కానీ మొదటి పేరాలోనే ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, ఆమె మనసూ అలాగే ఉంటుంది, గుండె బరువెక్కుతుంది, రెండు కన్నీటి చుక్కలు చెంపల మీదుగా జారిపోతాయి. ఆమె ఎవరో తెలియకుండా ఆమె కన్నీళ్లతో నాకేం పని? దీన్ని తిరగేయండి. విషయం మొహమాటం లేకుండా ముందే చెప్పేయండి, బాధపడే పని పాఠకుడికి వదిలేయండి.

ఊరికే సూత్రాలు చెప్తే ఎవరికీ ఉపయోగం ఉండదు కాబట్టి ఒక కథ తీసుకుని దాని మీదే పని చేద్దాం. అక్కా తమ్ముడూ. అమ్మ ఎప్పుడో పోయింది, ఈమధ్యే నాన్న కూడా పోయాడు. తాతల నాటి పొలంలో తన వాటా వదులుకుంటున్నట్టు అక్క సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టాలి. మన వైపు చాలా కుటుంబాల్లో జరిగేదే. అక్క పేరు రమణమ్మ, తమ్ముడి పేరు శీను అనుకుందాం.

ముందు మూడు వాక్యాలు

కథ మొదలుపెట్టకముందే, ఫోన్‌లో పిన్నికో బాబాయికో చెప్పినట్టు మూడు వాక్యాలు రాసుకోండి. ఎవరు, ఏం చేయాల్సి వచ్చింది, ఏం పోతుంది. అలంకారాలు వద్దు.

"రమణమ్మకి నాన్న పొలంలో 80 సెంట్లు వస్తుంది. అది తనకి వద్దని సంతకం పెట్టమంటున్నాడు తమ్ముడు. పెట్టకపోతే పొలం ఉంటుంది, పుట్టిల్లు ఉండదు."

మూడో వాక్యం మళ్లీ చదవండి. ఎటు వెళ్లినా ఏదో ఒకటి పోతుంది, పాఠకుడిని పట్టి ఉంచేది అదే. ఒక్కవైపే నష్టం ఉంటే అది కష్టాల చిట్టా అవుతుంది, చదివినవాళ్లు "అయ్యో పాపం" అనేసి ఇంకో పేజీకి వెళ్లిపోతారు. మూడో వాక్యం ఎంతకీ రాకపోతే మీ దగ్గర ఇంకా కథ లేదు, ఒక మూడ్ ఉంది అంతే. ఇంకో రెండు రోజులు ఆలోచించండి, తొందరేం లేదు.

ఇక్కడ కొంచెం హోంవర్క్ కూడా ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో వచ్చింది, అదీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకే. దేశమంతటా పెళ్లైనవాళ్లకీ కానివాళ్లకీ కలిపి వచ్చింది 2005లో. అంటే కథ ఏ ఏడాదిలో జరుగుతోందో, రమణమ్మ పెళ్లి ఎప్పుడైందో మీకు తెలిసి తీరాలి. కథలో రాయక్కర్లేదు, చట్టం గురించి ఉపన్యాసం అస్సలు వద్దు. కానీ శీను బతిమాలాల్సి వస్తోందంటే రమణమ్మ చేతిలో నిజంగా ఏదో ఉందన్నమాట. చేతిలో ఏమీ లేని మనిషి త్యాగం చేసినట్టు రాస్తే ఎవరూ కదలరు.

దాచకుండా మొదటి పేరాలోనే చెప్పేయండి

ఇదిగో ఇలా:

"శీను ఫోన్ చేసి, 'అక్కా, బుధవారం పదకొండింటికి స్లాట్ దొరికింది, ఆధార్ మర్చిపోకు' అన్నాడు. నాన్న పోయి ఆరు నెలలైంది. ఆయన వదిలి వెళ్లిన ఎకరం అరవై సెంట్లలో సగం తనకి అక్కర్లేదని రమణమ్మ సంతకం పెట్టాలి. పెడతావా అని శీను అడగలేదు. పెట్టనని ఆమె అనలేదు."

ఐదు వాక్యాలు. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏం జరగబోతోందో, ఎప్పుడో, ఇద్దరి మధ్యా ఎలా ఉందో తెలిసిపోయింది. వాతావరణం లేదు, కాఫీ కప్పు లేదు, కిటికీ లేదు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు, 1910లో గురజాడ 'దిద్దుబాటు' మొదలుపెట్టిందే "తలుపు! తలుపు!" అని అర్ధరాత్రి దాటాక ఒక మొగుడు కేకేయడంతో. ముందుమాటలు చెప్పి, ఊరు వర్ణించి, ఆ తర్వాత తలుపు దగ్గరికి తీసుకెళ్లలేదు.

దాచడం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మనకి చివర్లో ట్విస్ట్ పిచ్చి బాగా ఉంది. అమ్మ చనిపోయిందన్న సంగతి ఆఖరి లైను దాకా దాచి, అప్పుడు ఠక్కున బయటపెడితే పాఠకుడు షాకవుతాడని లెక్క. అవుతాడు, ఒక్క క్షణం. కానీ దానికోసం మీరు ఎంత వదులుకున్నారో చూడండి, కథ మొత్తం అతన్ని గుమ్మం బయటే కూర్చోబెట్టారు. తెలియనిదాని గురించి ఎవరూ బాధపడలేరు కదా. అదే రమణమ్మ సంతకం పెట్టడానికే వెళ్తోందని మొదట్లోనే తెలిస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి చిన్న పనీ బరువెక్కుతుంది. బస్సెక్కడం కూడా. ఆడవాళ్లకి ఉచితం అయ్యాక జీరో టికెట్ కొట్టడానికైనా కండక్టర్ "ఎక్కడికమ్మా?" అని అడుగుతాడు. రమణమ్మ దిగాల్సింది ఆఫీసున్న టౌన్లో. అలవాటుకొద్దీ పుట్టింటి ఊరి పేరు చెప్పేసింది, మళ్లీ దిద్దుకుంది. ఇంతే. ఈ ముక్క పనిచేయాలంటే ఆమె ఎందుకు వెళ్తోందో మనకి ముందే తెలిసి ఉండాలి. ట్విస్ట్ కోసం దాచి ఉంటే ఇదొక ప్రయాణం వర్ణన, చదువుతూ దాటేస్తాం.

గుండె, మనసు, కళ్ళు వెతికి కొట్టేయండి

మొదటి డ్రాఫ్ట్‌లో ఎలాగైనా రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అయ్యాక ఫైల్ తెరిచి, వెతికే చోట "గుండె" అని కొట్టండి. తర్వాత "మనసు", "కన్నీ", "చెమర్చ", "నిట్టూర్", "మూగ". వచ్చిన ప్రతి చోటా ఆగి, ఆ వాక్యం తీసేసి చదవండి. పదింట్లో ఎనిమిది చోట్ల ఏమీ తగ్గదు, పైగా బాగుంటుంది. "ఏదో తెలియని బాధ" అన్నది కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా తీసేయండి, రచయితకే తెలియని బాధ పాఠకుడికి ఎక్కణ్ణుంచి తెలుస్తుంది?

ఇదంతా పడమటివాళ్లు రైటింగ్ క్లాసుల్లో చెప్పే సంగతి అనుకునేవాళ్లకి ఒక మాట. కాశ్మీరు పండితుడు మమ్మటుడు 11వ శతాబ్దంలో కావ్యప్రకాశం అనే అలంకారశాస్త్ర గ్రంథం రాస్తూ రసదోషాల, అంటే రసాన్ని చెడగొట్టే తప్పుల, పట్టికలో అన్నిటికన్నా ముందు పెట్టిన దోషం ఇదే. రసాన్నో భావాన్నో దాని పేరు పెట్టి చెప్పేయడం, స్వశబ్దవాచ్యత అంటారు. "ఆమెకి శోకం కలిగింది" అంటే శోకం అనే మాట మాత్రమే వచ్చింది, శోకం రాలేదు.

సరే, పేరు తీసేశాం, దాని బదులు ఏం పెట్టాలి? ఇక్కడ చాలామంది ఇంకో గుంటలో పడతారు. బాధ అనడం మానేసి చేతులు వణికిస్తారు, గొంతు జీరబోయేలా చేస్తారు, ముఖం పాలిపోయేలా చేస్తారు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది సాత్విక భావాలున్నాయి చూడండి, కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం, మన కథల్లో మనుషులు ఇప్పటికీ ఈ ఎనిమిదే చేస్తుంటారు. స్టేజీ మీద మంచి నటుడు చేస్తే ఒళ్లు జలదరిస్తుంది. కాగితం మీద "ఆమె చేతులు వణికాయి" అన్నది ఎన్నిసార్లు చదివామో లెక్కే లేదు, అది మళ్లీ పేరు పెట్టి చెప్పినట్టే.

ఆ చోటికి వెళ్లి అక్కడున్న వస్తువు పట్టుకోండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది, కొంచెం ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఏముంటుంది? బయట దస్తావేజులు రాసేవాళ్ల షాపులు, జిరాక్సు, ఇద్దరు సాక్షులు, ఫొటో తీసే కెమెరా, వేలిముద్ర మిషను. దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది, తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది అని. హక్కు వదులుకునే పత్రంలో మామూలుగా ఒక వాక్యం కూడా కనిపిస్తుంది, ఎవరి బలవంతమూ లేకుండా నా పూర్తి ఇష్టంతో రాసి ఇస్తున్నాను అనే అర్థం వచ్చేది. ఇవన్నీ మీకు ఉచితంగా దొరికిన సామాను. ముందు ఆ కాగితాన్నే తీసుకుందాం:

"రాసేవాడు గడగడా చదివాడు. తూర్పు, పంట బోదె. దక్షిణం, పుంత. పడమర, అప్పారావు గారి చేను. 'బోదె ఇప్పుడు లేదు కదరా' అంది రమణమ్మ. 'పాత కాగితాల్లో అలాగే ఉందక్కా, మార్చకూడదు' అన్నాడు శీను."

అక్కడ ఆమె చిన్నప్పుడు ఈత నేర్చుకుందనో, అమ్మ బట్టలు ఉతికేదనో ఫ్లాష్‌బ్యాక్ పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. బోదె, అంటే పొలం పక్క చిన్న కాలువ, పూడిపోయిందని ఆమెకి తెలుసు అన్న ఒక్క సంగతితోనే ఆ చేనుతో ఆమెకి ఎంత పరిచయమో వచ్చేసింది.

ఇప్పుడు వేలిముద్ర. కాయకష్టం చేసినవాళ్ల వేలిగీతలు అరిగిపోతాయి, మిషను తీసుకోదు, రేషన్ షాపుల్లోనూ పింఛన్ల దగ్గరా మనం రోజూ చూసేదే. ముందు మామూలుగా అందరూ రాసేది రాస్తాను:

"వేలిముద్ర వేస్తుంటే రమణమ్మ చేయి వణికింది. తన పుట్టింటితో బంధం ఈ క్షణంతో తెగిపోతోందన్న ఆవేదన ఆమె కళ్ళలో సుడులు తిరిగింది."

ఇప్పుడిది:

"మిషను బొటనవేలు తీసుకోలేదు. 'మళ్లీ పెట్టమ్మా, గట్టిగా' అన్నాడు కుర్రాడు. మళ్లీ తీసుకోలేదు. శీను భుజం మీద తువ్వాలు తీసి, అక్క చెయ్యి పట్టుకుని, బొటనవేలు శుభ్రంగా తుడిచి, తనే మిషను మీద పెట్టి నొక్కాడు. ఈసారి తీసుకుంది."

రెండోదాంట్లో బాధ అన్న మాట లేదు, వణుకు లేదు, కన్నీళ్లు లేవు. అయినా తమ్ముడు అక్క చెయ్యి పట్టుకోవడంలో ప్రేమ ఉంది, వేలు నొక్కించడం కూడా ఉంది, రెండూ ఒకే పనిలో ఉన్నాయి. "ఇష్టపూర్వకంగా" అన్న కాగితం కింద ఆ వేలు ఎవరు నొక్కారో పాఠకుడు చూశాడు, మీరు చెప్పలేదు. సూటిగా రాయడమంటే నా ఉద్దేశంలో ఇదే, జరిగింది జరిగినట్టు వరసలో పెట్టడం, ఎలా ఫీలవ్వాలో మాత్రం చెప్పకపోవడం.

ఇలాంటివి ఊహతో రావు. ఆఫీసుకి వెళ్లి గంటసేపు బల్ల మీద కూర్చోండి, లేకపోతే ఇంట్లో ఈ పని చేసొచ్చినవాళ్లని కూర్చోబెట్టి అడగండి. "ఎలా అనిపించింది?" అని అడిగితే "ఏముంది, సంతకం పెట్టి వచ్చేశాం" అంటారు. "మధ్యలో ఏం ఇబ్బంది వచ్చింది? టిఫిన్ ఎక్కడ చేశారు? డబ్బులు ఎవరిచ్చారు?" అని అడగండి, అరగంట ఆగకుండా చెప్తారు.

మాటలు మనుషులు మాట్లాడినట్టు

సమాచారం మాటల్లో కుక్కకండి. "తమ్ముడూ, మన నాన్నగారు పోయి అప్పుడే ఆరు నెలలు గడిచిపోయాయి కదా" అని ఏ అక్కా అనదు, ఇద్దరికీ తెలిసిందే. ఆ ముక్క కథనంలో ఒక్క వాక్యంలో చెప్పేస్తే మాటలు తేలికపడతాయి.

పిలుపుల మీద కన్నేయండి, మనకున్న పెద్ద ఆస్తి అదే. సంతకం ముందు శీను ప్రతి వాక్యానికీ "అక్కా" తగిలించాడు. తిన్నావా అక్కా, నీళ్లు తాగుతావా అక్కా, ఇక్కడ నీడలో కూర్చో అక్కా. అయిపోయాక "పద, ఆటో ఎక్కిస్తా" అన్నాడు. ఆ తేడా మీరు ఎత్తి చూపించక్కర్లేదు, పట్టుకునేవాళ్లు పట్టుకుంటారు. కొందరు పట్టుకోరు, పోనివ్వండి.

యాస సంగతి కూడా ఇక్కడే. మీది ఏ జిల్లా అయితే ఆ మాటే రాయండి. పాత్రలు నాన్నగారు, అమ్మగారు అంటూ పాఠ్యపుస్తకంలా మాట్లాడితే ఎంత బాధైనా అద్దం అవతల జరిగినట్టే ఉంటుంది.

తమ్ముడిని విలన్ చేయొద్దు

శీను వైపు నుంచి ఒక పేజీ రాసుకోండి, కథలో పెట్టకపోయినా సరే. పదేళ్లు నాన్నని చూసుకుంది అతనే. ఆస్పత్రి అప్పు అతని పేరునే ఉంది. అక్క పెళ్లికి ఇచ్చిన కట్నం అప్పట్లో అరెకరం అమ్మిన డబ్బే అని అతని లెక్క, ఆ లెక్క పూర్తిగా తప్పు కూడా కాదు. ఇవి కథలోకి ఒకటి రెండు వాక్యాల్లో వచ్చినా చాలు, పాఠకుడు తీర్పు చెప్పేసి పుస్తకం మూసేయలేడు.

వాక్యం దగ్గర చూసుకోవాల్సినవి

"ఆమె చూసింది", "ఆమెకి అనిపించింది", "అతను గమనించాడు" లాంటివి వీలైనంత తీసేయండి. "శీను చొక్కా కొత్తదని రమణమ్మ గమనించింది" బదులు "శీను చొక్కా కొత్తది" అంటే చాలు, చూస్తున్నది రమణమ్మే అని తెలుస్తూనే ఉంది. "పెట్టబడింది, చెప్పబడింది" వద్దు, దస్తావేజులో తప్ప. తెలుగులో వచ్చి, కూర్చుని, లేచి, తాగి అంటూ ఒకే వాక్యంలో పనులన్నీ గొలుసులా పోనివ్వచ్చు, మనిషి ఆలోచించుకునే వ్యవధి లేకుండా పనుల్లో కొట్టుకుపోతున్నప్పుడు అలా రాసి, వెంటనే మూడు మాటల వాక్యంతో ఆపితే దెబ్బ గట్టిగా తగులుతుంది. కథంతా అలాగే రాస్తే ఆయాసమొస్తుంది. మూడు చుక్కలు, వరసగా ఆశ్చర్యార్థకాలు వద్దు, ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఒక్కోసారి పేరు పెట్టి చెప్పేయండి

ఇంతసేపూ వద్దన్నదే ఇప్పుడు చేయమంటున్నా. వస్తువులూ పనులూ మాత్రమే రాసి, భావం ఊసే ఎత్తకుండా, పొడిపొడిగా, తెలివిగా కనిపించే కథలు కూడా ఈమధ్య ఎక్కువయ్యాయి, చదివితే ఎవరి మీదా ప్రేమ పుట్టదు. మమ్మటుడే మినహాయింపు కూడా ఇచ్చాడు, సంచారి భావాలని, అంటే వచ్చి పోయే భావాలని, కొన్నిచోట్ల పేరుతో చెప్పినా దోషం కాదన్నాడు. నేను పాటించే లెక్క ఏంటంటే, పాఠకుడు ఊహించగలిగే భావానికి పేరు పెట్టకూడదు, ఊహించలేనిదైతే ఒక్క మాటలో చెప్పేయాలి.

సంతకం అయ్యాక శీను పట్టుచీర చేతిలో పెట్టాడనుకోండి. రమణమ్మకి దుఃఖం అని అందరూ అనుకుంటారు, అది రాయకండి. "రమణమ్మకి సిగ్గేసింది" అని రాయండి. ఎనభై సెంట్లకి చీర పుచ్చుకుంటున్నందుకా, తీసుకోనని అనలేనందుకా, లోపల కాస్త సంతోషం కూడా వేసినందుకా? చెప్పొద్దు, ముందుకెళ్లిపోండి. కథ మొత్తంలో ఇలాంటి వాక్యం ఒకటో రెండో ఉండాలి, అంతకు మించితే అరిగిపోతుంది.

ఎక్కడ ఆపాలి

సంతకం అయింది, చీర పుచ్చుకుంది, ఆటో ఎక్కింది. అక్కడికి ఆపేయచ్చు, ఇంకా ముందే ఆపితే ఇంకా మంచిది. ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి చివర్లో రెండు వాక్యాలు పెట్టాలనిపిస్తే అవి ఫేస్‌బుక్ పోస్టుగా వేసుకోండి, కథలో వద్దు. వర్షం మొదలవడం, దీపం ఆరిపోవడం, ఎక్కడో కోయిల కూయడం కూడా వద్దు. చివరి పేరా మొత్తం తీసేసి చదవడం చాలామందికి పనిచేసే చిట్కా, ఒకసారి చేసి చూడండి.

చదివించడం

గట్టిగా చదవండి, మీకు మీరే. నోరు తిరగని చోటు, మీకే మొహమాటంగా అనిపించిన చోటు పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, సాధారణంగా మీరు భావం మీద ఒత్తి రాసింది అక్కడే అయి ఉంటుంది. తర్వాత సాహిత్యంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ఎదురుగా కూర్చోవద్దు, కూర్చుంటే మర్యాదకి బాగుందంటారు. ఏడుపొచ్చిందా అని అడగొద్దు. "రమణమ్మ సంతకం ఎందుకు పెట్టింది?" అని అడగండి. తమ్ముడి మీద ప్రేమతో అని ఒకరు, భయంతో అని ఒకరు, అత్తారింట్లో ఆ పొలం ఎలాగూ తన చేతికి రాదని ఇంకొకరు చెప్పారంటే కథ పనిచేస్తోంది, పంపించేయండి. ముగ్గురూ "ఏమో, అర్థం కాలేదు" అంటే మొదటి పేరా మళ్లీ తీయాలి, అక్కడ మీరింకా ఏదో దాస్తున్నారు.